ఇంట్లోవాడికి చెప్పని మాట

"నా కొడుకు అరిచేతులు చూడవే ఎలా అయిపోయాయో! ఈ దిక్కుమాలిన సబ్బు ఎవరు తెమ్మన్నారు నిన్ను?" అంది అత్తగారు, బట్టల సబ్బు ముక్కను చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని.

"అదే సబ్బుతో ఇంటిల్లిపాది బట్టలూ ఉతుకుతున్నాను అత్తయ్యా. నా చేతులకేం కాలేదే!" అంది చిన్నకోడలు.

"నీ చేతులూ వాడి చేతులూ ఒకటేనా?"

"కాదులెండి. ఆయనవి వెన్న, నావి చెక్క. అయినా ఆయన ఏనాడు బట్టలు ముట్టుకున్నారని సబ్బు పడకపోవడానికి?"

"తొడుక్కునేవి ఆ బట్టలే కదే! తుడుచుకునేది ఆ తువ్వాలుతోనే కదే!"

"ఒక్క ముక్కకే ఇంత నురగేమిటమ్మా?" అన్నాడు పెద్దకొడుకు పేపరు చాటునుంచి. ఎవరూ నవ్వలేదు. చిన్నకోడలు సబ్బు లాక్కుని చెత్తబుట్టలోకి విసిరింది. ఆ విసురుకే కడుపులో తిప్పినట్టయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దొడ్లోకి పరుగెత్తింది. మూడో నెల. మాట పడినా వాంతే, మంచినీళ్ళు తాగినా వాంతే.

పెద్దకోడలు బీన్స్ బుట్ట చంకన పెట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడి అంతా వింది. అడ్డు వెళ్ళలేదు. సబ్బు పడలేదేమో అని మొదట అన్నది తనేనన్న సంగతి అక్కడున్న వాళ్ళెవరికీ గుర్తు లేదు. ఆమెకు తప్ప.

వెనక వరండాలో కత్తిపీట పక్కన చతికిలబడి కాయ కాయకీ ఈనె తీయడం మొదలుపెట్టింది. సెలవు రోజు. వంటకి తొందర లేదు. పైన బాత్‌రూములో మరిది కారుతున్న కుళాయి విప్పుతున్న చప్పుడు, రెంచీ జారి బకెట్టుకి తగిలిన చప్పుడు, వెనకే వాడి ఈల. ఈల వేస్తున్నాడు. వాడికి తెలియదన్నమాట. లేక తెలిసే వేస్తున్నాడా? లేదు, తెలిస్తే మొన్న అంత అమాయకంగా చేతులు చాచేవాడు కాదు. మొన్న సాయంత్రం టీ గ్లాసు అందిస్తుంటే, వేడిగా ఉంది ఉండు వదినా అని రెండు అరిచేతులూ దోసిలిలా పట్టాడు. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ దోసిట్లో పడింది. రాగి రంగు మచ్చలు, పాత చిల్లర నాణేలు పోసినట్టు. వాపు లేదు, పొట్టు లేదు, గీరుకున్న జాడ లేదు. సబ్బు పడకపోతే దురద పుడుతుంది, చర్మం చిట్లుతుంది. దురద లేని మచ్చ అరిచేతిలోకి ఎందుకొస్తుందో, ఇన్నేళ్ళుగా సూదుల గదిలో కూర్చున్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏం వదినా, గ్లాసు ఇవ్వవా, నువ్వే తాగేస్తావా, అన్నాడు నవ్వుతూ. అరికాళ్ళకీ ఉన్నాయా అని అడిగింది. నీకెలా తెలుసు, అన్నాడు ఆశ్చర్యపోతూ. అప్పుడే అత్తగారు గదిలోకి వచ్చింది, ఏమిటర్రా ఆ మచ్చలు అంది, పెద్దకోడలి నోట్లోంచి ఆ మాట దానంతటదే ఊడిపడింది: సబ్బు పడలేదేమో అత్తయ్యా. ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆ ఒక్క మాటతో తన గుండె దడ తగ్గింది. దానికి వెల ఇవాళ వాంతులతో నీరసించిన పిల్ల కట్టింది.

ఈనె మధ్యలో తెగింది. ముదురు కాయ. రెండో వైపునుంచి గోటితో లాగింది. ముదురు కాయలు కొనడం, తర్వాత తిట్టుకోవడం. పని చేసే చోట ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. సూదమ్మ. దేశాలు దాటి వెళ్ళేవాళ్ళకి టీకాలు వేసే ఆ చిన్న కేంద్రంలో ముందు గదిలో డాక్టరు కాగితాలు చూస్తాడు, వెనక గదిలో సూదమ్మ మనుషుల్ని చూస్తుంది. ఓడ పనివాళ్ళు, తాపీ మేస్త్రీలు, ఆయాలుగా వెళ్ళే ఆడవాళ్ళు, బేరాల మీద వెళ్ళే బట్టల వ్యాపారులు. భుజానికి దూది రుద్దుతూ ఆమె అందరికీ ఒకే వరసలో చెబుతుంది. నీళ్ళు కాచుకుని తాగండి. దోమతెర కట్టుకోండి. కుక్క కరిస్తే కట్టు కట్టుకుని ఊరుకోకండి. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడండి, అక్కడ బండ్లు మనం అనుకున్న వైపునుంచి రావు. ఇక చివరి మాట. ఆ మాటకి ఆమె సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టుకుంది. అప్పుడు మనిషి మొహంలోకి చూడదు. కుర్చీ కొంచెం కిటికీ వైపు తిప్పుకుని, ట్రేలో సూదులు సర్దుతున్నట్టు నటిస్తూ, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెబుతుంది. "అక్కడ మనిషి ఒంటరైపోతాడు. మంచివాడూ అవుతాడు, భక్తుడూ అవుతాడు. ఒంటరితనానికి మా దగ్గర టీకా లేదు. ఇది పెట్టెలో అడుగున పెట్టుకోండి. వాడకపోతే మంచిదే, పారేయండి. ఏదైనా జరిగితే మాత్రం తిరిగి రాగానే ముందు నా దగ్గరికి రండి, తర్వాత మీ ఇంటికి వెళ్ళండి." అని నిరోధ్‌లు పెట్టిన ఖాకీ కవరు ఒకటి బల్ల మీద జరుపుతుంది. కొందరు ఎర్రబడతారు. కొందరు దేవుడి మీద ఒట్టేస్తారు. తెల్లగడ్డం మేస్త్రీ ఒకాయన, నా వయసులో నాకెందుకమ్మా ఇవి అని వెళ్ళిపోయి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి పట్టుకెళ్ళాడు. కొత్తగా చేరిన నర్సు, పెళ్ళయినవాళ్ళకి కూడా చెప్పాలా సిస్టర్ అని అడిగితే గట్టిగా మందలించింది. పెళ్ళికానివాడికి ఒకసారి చెప్పు, పెళ్ళయినవాడికి రెండుసార్లు చెప్పు, వాడు మోసుకొచ్చేది వాడొక్కడి కోసం కాదు అని. ఎంత బాగా చెప్పింది! పిల్ల నర్సు ఆ మాట విని కళ్ళు పెద్దవి చేసుకుంది.

మరి ఆ చివరి మాట ఆ రోజు ఎక్కడికి పోయింది? సీసాల్లో పానీయాలు నింపే యంత్రాలు బిగించే మెకానిక్కు మరిది. పరాయి దేశంలో కొత్త ఫ్యాక్టరీకి యంత్రం నిలబెట్టి రమ్మని కంపెనీ పంపింది. టీకాకి వచ్చాడు, చొక్కా చెయ్యి మడిచాడు, మెల్లిగా వదినా, మీ ఇంటి మనిషిని అన్నాడు. ఆమె నీళ్ళు చెప్పింది, దోమలు చెప్పింది, కుక్కలు చెప్పింది, రోడ్డు చెప్పింది. వాడికి సరిపోయేలా వేళాకోళం కబుర్లు కూడా కలిపి చెప్పింది. అక్కడ ఆగిపోయింది. వాడు బయటి బెంచీ మీద కూర్చుని విన్నాడు కాబోలు, లేవబోతూ ఆగి, "అందరికీ ఏదో కవరు ఇస్తావటగా వదినా, నాకు లేదా?" అన్నాడు. "ఛీ పోరా, సిగ్గులేదూ! పెళ్ళయినవాడివి, నీకెందుకవి?" అంది తను. ఇద్దరూ పగలబడి నవ్వారు. తలుపు పక్కన పిల్ల నర్సు కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె చెవుల్లో ఇప్పుడు గాజుపెంకులా గుచ్చుకుంటోంది. వాడు వేళాకోళంగా అడిగాడా, నిజంగా అడిగాడా? మొహం చూసి ఉంటే తెలిసేది. పరాయి మగాళ్ళకైతే మొహం చూడకుండా చెప్పింది, తనవాడి మొహమూ చూడలేదు, మాటా చెప్పలేదు. తాను కాపురానికి వచ్చేనాటికి వాడికి మీసమైనా రాలేదు, అన్నం దగ్గర అలిగితే బుజ్జగించి పెట్టింది తనే. వదినా మరిదీ అంటే లోకం ఎంత వేళాకోళమైనా ఆడనిస్తుంది. పెళ్ళినాడు వాడి చెవిలో తాను అన్న మాటలకి వాడు సిగ్గుపడి పారిపోయాడు కూడా. నవ్వుతూ ఏదైనా అనొచ్చు. నవ్వకుండా మాత్రం ఒక్క మాట అనడానికి లేదు. వాడు వెళ్ళాక కవర్ల డబ్బా మూత పెడుతూ, మా వాడు అలాంటివాడు కాదు అని తనలో తాను అనుకోవడం గుర్తుంది. అంటే ఇన్నేళ్ళుగా కవర్లు పట్టుకెళ్ళినవాళ్ళందరూ అలాంటివాళ్ళనా లోపల అనుకున్నది? తెల్లగడ్డం మేస్త్రీ కూడానా?

దొడ్లో కుళాయి దగ్గర చిన్నకోడలు నోరు పుక్కిలిస్తోంది. పిట్ట. పుట్టినప్పుడు అరిచేతిలో ఇమిడేంత ఉందని పిన్ని పెట్టిన ముద్దుపేరు. సొంత పిన్ని కూతురు. మా మరిది బంగారంలాంటివాడు పిన్నీ, నా కళ్ళముందు పెరిగాడు, నీ పిల్లకి ఏ లోటూ రాదు, ఒకవేళ వస్తే నేనున్నాను కదా అని చెప్పి తెచ్చింది తనే. ఒకవేళ వస్తే. వచ్చింది పిన్నీ. నేనున్నాను. బీన్స్ ఈనెలు తీసుకుంటూ ఉన్నాను. పిట్ట తలెత్తి ఇటు చూసింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా నవ్వింది. "చూశావా అక్కా, వీడు పుట్టకముందే నన్ను వాళ్ళ నానమ్మతో తిట్టిస్తున్నాడు," అంది పొట్ట తట్టుకుంటూ. అక్కడ ఇంకా తట్టడానికి ఏమీ లేదు, చదునుగానే ఉంది. ఉన్నదంతా లోపలే. ఒక గింజంత. ఆ గింజకి రక్తం తల్లి దగ్గర్నుంచే వెళ్ళాలి, రక్తంతోపాటు ఇంకేం వెళుతుందో ఆ తల్లికి తెలియదు. వెళ్ళి ఉండకపోవచ్చు. మచ్చలు పడ్డ ప్రతివాడూ పెళ్ళానికి అంటిస్తాడని లేదు. వెళ్ళి ఉండొచ్చు. ఆ పిల్లలు ఎలా పుడతారో, కొందరు ఎలా పుట్టకుండానే పోతారో శిక్షణలో బొమ్మలు వేసి చూపించారు, రాత్రి అన్నం సయించలేదు. సుఖవ్యాధి అట. పేరు ఎవరు పెట్టారో. సుఖం ఒకరిది, వ్యాధి ఇంకొకరిది, మధ్యలో పేరైనా పెట్టని బిడ్డ.

అయినా సూదితో లొంగేదే కదా. అదే కదా ఈ రోగంలో కాస్త మంచి సంగతి. పాత మందే, ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మందే. తొందరగా వేస్తే తల్లికీ బిడ్డకీ కూడా రక్ష. తొందరగా వేస్తే. మొన్న సాయంత్రం నుంచి తానేం చేసింది? నిన్న పనికి వెళ్ళి ముక్కూ మొహం తెలియని ఓడ కుర్రాళ్ళకి చివరి మాట చెప్పి వచ్చింది. ఒక ఆలోచన అప్పటినుంచీ ఈగలా మూగుతూనే ఉంది: పురుళ్ళ ఆసుపత్రిలో మొదటిసారి చూపించుకున్నప్పుడు రక్తం ఎలాగూ తీస్తారు, ఈ పరీక్షా చేస్తారు, బయటపడితే వాళ్ళే చూసుకుంటారు, నీ నోటికి మట్టి అంటదు. ఎంత తెలివైన ఆలోచన! అయితే ఆసుపత్రి చీటీ వచ్చే నెలకి ఉంది. పైగా ఆ కిటికీ దగ్గర కూర్చునే మనిషి తల ఎత్తకుండా, మీకు ఫలానా ఉంది, మీ ఆయన్ని తీసుకురండి, అంటుంది, వెనక వరసలో పదిమంది వింటారు. పిట్ట ఆ మాట మోసుకుంటూ ఒక్కతే ఇంటికి వస్తుంది. అత్తగారు ఏమంటుందో వినడానికి అక్కడిదాకా పోనక్కర్లేదు, ఇప్పుడే విన్నది. సబ్బు ఎవరు తెమ్మన్నారు అన్న నోరే, రోగం ఎక్కడ్నించి తెచ్చావే అంటుంది. అప్పుడు కూడా తాను గుమ్మంలో బుట్ట పట్టుకుని నిలబడి ఉంటుందేమో.

పిట్ట నోరు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఈల ఆగింది.

"వదినా, పాత గుడ్డ ముక్కేదైనా ఉందా? పైపు చుట్టూ చెమ్మ తుడవాలి."

"కూర్చో."

"చేతులు తడిగా ఉన్నాయి, ముందు..."

"కూర్చోరా."

గడప మీద కూర్చున్నాడు. ఆమె కాయల వైపే చూస్తూ, అలవాటు కొద్దీ కాస్త పక్కకి తిరిగింది. అది గమనించి, మళ్ళీ ఇటు తిరిగి, వాడి మొహంలోకి చూసింది. కష్టంగానే ఉంది. "అక్కడున్నప్పుడు పుండేమైనా లేచిందా నీకు?"

"ఏం వదినా, ఇంట్లో కూడా సూదమ్మవేనా?" అని నవ్వబోయాడు.

"నవ్వకు. నువ్వు నవ్వితే నేనూ నవ్వేస్తాను. ఆ రోజు అలాగే నవ్వేశాను."

వాడి మొహంలో నవ్వు దిగిపోవడం, కుండలో నీళ్ళు ఇంకినట్టు, ఆమెకు కనిపించింది. "ఒకటి లేచింది," అన్నాడు. "నొప్పి లేదు. దానంతటదే మానిపోయింది."

"మానలేదు. లోపలికి పోయింది. ఇప్పుడు అరిచేతుల్లోకి వచ్చింది."

"ఒక్కసారే వదినా. యంత్రం మొదటిసారి ఒక్క సీసా పగలకుండా నడిచింది. ఆ రోజు అందరూ కలిసి బయటికి లాక్కెళ్ళారు. నాకా భాష రాదు, ఎవరితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో..."

"నేను లెక్క అడగలేదు. నిన్ను తిట్టడానికీ పిలవలేదు. ఇది సిఫిలిస్ అని నా అనుమానం, పరీక్ష చేస్తేగాని చెప్పలేం. నీకు సూది పడాలి. పిట్టకీ పరీక్ష చేయాలి, సూది పడాలి. బిడ్డ ఉంది."

వాడు లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "తనకి నువ్వే వేసేయ్ వదినా. బలానికి అని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతుంది. అమ్మకీ తెలియదు, ఎవరికీ తెలియదు," అన్నాడు.

నమ్ముతుంది. అదీ నిజమే. నువ్వు చెయ్యి పెడితే సూది గుచ్చినట్టే ఉండదక్కా అంటుంది, చెయ్యి చాచి, అటు తిరిగి ఏదో కబురు చెబుతూ ఉంటుంది, అయిపోతుంది. రోగం పోతుంది, పరువు నిలుస్తుంది, పిన్నికి ఇచ్చిన మాట కూడా దక్కినట్టే. ఎంత చక్కగా అమరింది. సబ్బు కూడా ఇలాగే చక్కగా అమరింది. మరి సూది వేశాక కొన్నాళ్ళు దూరంగా ఉండాలని ఎవరు చెబుతారు, మళ్ళీ రక్తం చూడాలంటే ఏ బలం పేరు చెబుతారు, వీడు మళ్ళీ యంత్రం బిగించడానికి ఇంకో దేశం వెళ్ళి వస్తే? ఒక ఆడదాని ఒంట్లోకి ఏం వెళుతోందో ఆమెకు చెప్పకుండా పంపడం. ఒకసారి వాడు చేశాడు, తెలియక. రెండోసారి తను చేయాలి, తెలిసి.

"వెయ్యను," అంది. "నువ్వే చెప్పు. అన్నాలలోపు పక్కకి పిలిచి చెప్పు."

"చెప్పలేను వదినా. చచ్చినా ఆ మాట నా నోట రాదు. నీకు తెలీదు ఎంత..."

"నాకు తెలుసురా," అంది. తెలుసు. ఆ మాట నోట రాకపోవడమంటే ఏమిటో ఈ ఇంట్లో తనకంటే బాగా ఎవరికి తెలుసు. వాడు గుడ్డ అడగడం కూడా మరిచిపోయి పైకి వెళ్ళిపోయాడు.

పొయ్యి మీద కూర ఉడుకుతున్నంతసేపూ ఆమె చెవులు మేడ మీదే ఉన్నాయి. చిన్నకోడలు పైకి వెళ్ళిన అడుగులు. గుడ్డ ఇచ్చిందా అక్క, అని పిట్ట గొంతు. లేదు. ఇంతసేపూ ఏం చేస్తున్నారు మరి? కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళు పడ్డ చప్పుడు, ఆగిన చప్పుడు. ఆగింది చూశారా, ఎంత పనివాడు మా ఆయన, అంటూ పిట్ట నవ్వు. తర్వాత ఒక నిశ్శబ్దం, ఆమె గరిటె ఆపేసి విన్నది, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడే. ఆకలేస్తోంది పద, అన్నాడు వాడు. గరిటె మళ్ళీ కదిలింది. అడుగంటిన వాసన వచ్చింది. పనిచేసే చోట నియమం ఒకటుంది, రోగం ఎవరిదో మాట వాళ్ళది, ఇంకొకరి నోటితో బయటికి రాకూడదు. మంచి నియమమే. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. కానీ తన తప్పు తనదే కదా. అది చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అత్తగారు చిన్నకోడలి పళ్ళెంలో తనే అన్నం వడ్డించి, "తిను, కోపం అన్నం మీద చూపించకు," అంది. అది ఆవిడ క్షమాపణ. "కూర మాడ్చావేమే పెద్దదానా?" అంది ఇటు తిరిగి.

పెద్దకోడలు గరిటె కింద పెట్టింది. కూర్చోకుండానే, "రేపు నేను సెలవు పెడుతున్నాను," అంది. "వీళ్ళిద్దర్నీ నా వెంట తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తాను. ఇద్దరికీ సూది పడుతుంది."

"కడుపుతో ఉన్న పిల్లకి సూదేమిటే?"

"కడుపుతో ఉంది కాబట్టే అత్తయ్యా. దేశం దాటేవాళ్ళందరికీ నేను చెప్పే మాట ఒకటుంది. తిరిగి రాగానే చేయించాల్సిన పరీక్ష ఒకటుంది. పరాయివాళ్ళందరికీ చెప్పాను, మన ఇంట్లోవాడికి చెప్పలేదు. తప్పు నాది. ఆ చేతుల మచ్చలు సబ్బువి కావు. సబ్బని చెప్పిందీ నేనే."

పెద్దకొడుకు నములుతున్న ముద్ద ఆపి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పళ్ళెంలోకి చూస్తున్నాడు. అత్తగారు ఏదో అనబోయి, చిన్నకొడుకు వంగిన మెడ చూసి, నోరు మూసుకుంది. ఆవిడ అలా మూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

చిన్నకోడలు భర్తను చూసింది. వాడు తలెత్తలేదు. ఎంతసేపు చూసినా ఎత్తలేదు. అప్పుడు అక్క వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"మొన్న సాయంత్రం."

"మొన్న," అంది పిట్ట. నిన్న పొద్దున్న తల దువ్వించుకుంది అక్క చేత. నిన్న రాత్రి పైకి వెళుతూ, వస్తానక్కా అని చెప్పి మరీ వెళ్ళింది. అవన్నీ ఆ పిల్ల కళ్ళలో ఒకదాని వెనక ఒకటి వెళ్ళడం పెద్దకోడలు నిలబడి చూసింది. తప్పు నాది అన్న మాట అనేస్తే భారం దిగుతుందని ఎక్కడో ఆశపడినట్టుంది. దిగలేదు.

"విను, నేను..." అన్నాడు మరిది మొదటిసారిగా, నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ.

"తినేసి పైకి రండి. అక్కడ చెబుదురుగాని. మొత్తం," అంది చిన్నకోడలు. పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, రెండో చేత్తో అన్నం కలిపింది. తినాలి కాబట్టి తినేవాళ్ళలా ఒక ముద్ద పెట్టుకుంది, మింగింది. మాడిన కూరే, మొహం చిట్లించలేదు.

"రేపు నీతో వస్తానక్కా," అంది. "ఆయన్ని వేరే బస్సులో రమ్మను."